కట్టడము పోయినది, పద్దు నిలిచినది

(శతవత్సర కూటములలో నందవరము సంఘము ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మన పాత గుడిని గూర్చి ఒక మాట చెప్పుమని సంఘ పెద్దలు మమ్మును కోరిరి. ఆ గుడి సంగతి మీరందరు ఎరిగినదే. అది మిద్దె కప్పు. ఏటేట చౌడు పోసినను వానకు కారుచున్నది. తూర్పు గోడ నెర్రె విచ్చినది. దానిని పడగొట్టి సిమెంటు స్లాబుతో క్రొత్తది కట్టుదమని యౌవనులు అడుగుచున్నారు. తాతలు రాళ్లు మోసి కట్టిన గోడ మీద గడ్డపార వేయవద్దని కొందరు పెద్దలు కన్నీళ్లు పెట్టుకొనుచున్నారు. ఇరుపక్షములును దేవుని యింటిమీది ప్రేమచేతనే మాట్లాడుచున్నవి. కనుక ఈ దినము మేము ఎవరి పక్షమునను తీర్పు చెప్పబోము. మరియొక కట్టడము కథ చెప్పెదము. అది గుడి కాదు, శాస్త్ర పరిశోధనకు కట్టిన యిల్లు. నేడు ఆ యిల్లు లేదు. అయినను దాని పని నిలిచియున్నది. ఎట్లు నిలిచినదో వినినయెడల, మన గుడి విషయములో ఏమి చేయవలెనో మీకే తోచును.

సినడు పనిమీద చెన్నపట్టణము వెళ్లినప్పుడు మేము ఒకనాడు నుంగంబాకములోని కాలేజి రోడ్డుకు పోయితిమి. మన క్రైస్తవ స్త్రీల కళాశాల, అనగా ఉమెన్స్ క్రిస్టియన్ కాలేజి, ఆ వీధిలోనే ఉన్నది. వాతావరణ శాఖవారి ప్రాంతీయ కేంద్రము కూడ అక్కడనే ఉన్నది. తుపాను వచ్చినప్పుడెల్లా వార్తలలో నుంగంబాకములో ఇన్ని సెంటీమీటర్ల వాన పడెనని మనము వినుచుందుము గదా, ఆ స్థలమే. ఆ ఆవరణములో ఒక నల్లరాతి స్తంభము నిలిచియున్నది. దాని తూకము సుమారు 10 టన్నులు. దానిమీద లాటిను, తమిళము మొదలైన భాషలతో పాటు మన తెలుగులో కూడ వ్రాత చెక్కబడియున్నది. చెన్నపట్టణము నడుమ రెండు వందల ఏండ్లు దాటిన తెలుగు అక్షరములను చూచినప్పుడు మా మనస్సు పొంగిపోయినది. ఒకప్పుడు ఈ స్తంభము ఒక గది నడుమ ఉండెను. గది పోయినది, స్తంభము మిగిలినది.

ఆ గదియే మద్రాసు నక్షత్రశాల. 1786లో విలియం పెట్రీ అను కుంపినీ ఉద్యోగి ఎగ్మూరులో తన స్వంత ఖర్చుతో ఒక చిన్న నక్షత్రశాల పెట్టుకొనెను. తరువాత అది కుంపినీ వశమైనది. 1792లో మైకేల్ టాపింగ్ అనువాడు నుంగంబాకములో దానికొక స్థిరమైన కట్టడము గీసి కట్టించెను. పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు, ఎత్తు 15 అడుగులు. అంతే. మన గుడి కొలత ఒకసారి జ్ఞాపకము చేసికొనుడి. మహారాజుల మేడ ఏమియు కాదది. నడుమ ఆ రాతి స్తంభమును నిలిపి, దానిమీద దుర్భిణిని బిగించిరి. అడుగుల చప్పుడుకు కూడ దుర్భిణి కదలకూడదని అంత బరువైన రాయిని పెట్టిరి.

ఈ టాపింగ్ మన తెలుగు సీమకు పరాయివాడు కాడు. కృష్ణా గోదావరి సీమలను కొలిచిన సర్వేయరు ఆయనే. 1796లో మచిలీపట్టణములో జ్వరముతో చనిపోయెను. దానికి ముందు, 1794లో, ఎనిమిది మంది బాలురతో ఒక సర్వే బడి మొదలైనది. భూమిని కొలుచుటకు చేతిక్రింద మనుష్యులు కావలెనని పెట్టిన ఆ చిన్న బడియే కాలక్రమమున గిండీ ఇంజనీరింగు కళాశాల అయినది. నేడది అన్నా విశ్వవిద్యాలయములో ఉన్నది. ఎనిమిది మంది పిల్లలతో మొదలైన పని విశ్వవిద్యాలయ ఆవరణము వరకు పోయినది. చింతచెట్టు క్రింద బడి పెట్టి నలుగురికి అక్షరములు నేర్పిన మన తొలి ఉపదేశకులను తలంచుకొనుడి.

ఆ చిన్న గదిలో ఏమి పని జరిగెను? మన ఊరికిని దానికిని ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధము ఉన్నది. ఒక్కొక్కటిగా చెప్పెదము.

మొదటిది కాలము. మన ఆదోని మీదుగా మద్రాసు రైలు రాయచూరు చేరి 1871లో బొంబాయి రైలు మార్గముతో కలిసెను. ఆ రైళ్లు ఏ గడియారము చొప్పున నడిచెనో తెలియునా? ఆ నక్షత్రశాల గడియారము చొప్పున. రాత్రివేళ నక్షత్రములు నడినెత్తికి వచ్చు క్షణమును దుర్భిణిలో చూచి, గడియారము సరిచేసి, ఆ సమయమును తంతి ద్వారా పంపెడివారు. దానినే మద్రాసు టైము అనిరి. అది నేటి మన గడియారము కంటె సుమారు 9 నిమిషములు వెనుక. 1906 జనవరి 1 నుండి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. దాని రేఖ మన కాకినాడకు దగ్గరగా పోవును. ఆదోని స్టేషనులో గంట కొట్టిన మనుష్యునికి చెన్నపట్టణములో నక్షత్రము చూచి లెక్క కట్టినవాడెవడో తెలియదు. వానికి వీడు తెలియడు. అయినను ఇద్దరిదియు ఒకే పని.

రెండవది నేల. 1802 ఏప్రిలు 10న విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఏడున్నర మైళ్ల నేలను గొలుసుతో కొలుచుట ప్రారంభించెను. దానికి 57 దినములు పట్టెను. హిందూదేశపు మహా సర్వే అట్లు మొదలైనది. తూర్పు పడమరల లెక్కకు ఆధారము ఈ నక్షత్రశాలయే. ఆ కొలత దక్షిణమునుండి ఉత్తరమునకు మన సీమ మీదుగా సాగినది. 1811లో మన గుత్తి దగ్గర మరల గొలుసు పరచి కొలిచిరి. నేడు మన పొలముల పటములు, సరిహద్దు రాళ్లు అన్నియు ఆ కొలతల సంతతియే.

మూడవది గ్రహణము. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. దానిని చూచుటకు దేశదేశముల శాస్త్రజ్ఞులు తెలుగు సీమకు వచ్చిరి. ఫ్రాన్సు దేశస్థుడైన జాన్సన్ గుంటూరులో నిలిచెను. నక్షత్రశాల అధిపతియైన నార్మన్ పాగ్సన్ మచిలీపట్టణము వెళ్లెను. ఆ సంవత్సరము సూర్యుని వెలుగులో కనబడిన పసుపుపచ్చ గీతయే హీలియం అను వాయువు ఉన్నదని తెలిపినది. మరియొక జట్టు మన తుంగభద్రను, కృష్ణను దాటినచో తగులు వనపర్తికి వెళ్లెను. దాని నాయకుడు దొర కాడు. చింతామణి రఘునాథాచారి అను దేశీయుడు. చిన్న పనిలో చేరి, నక్షత్రశాలలో మొదటి సహాయకుడు కాగలిగిన మనుష్యుడు. 1867లో వెలుగు హెచ్చుతగ్గులగు ఒక నక్షత్రమును కనిపెట్టెను. 1872లో లండనులోని రాజకీయ ఖగోళ సంఘములో సభ్యుడాయెను. 1874లో శుక్రుడు సూర్యుని అడ్డముగా దాటినప్పుడు, సామాన్యులకు అర్థమగునట్లు దేశభాషలలో పుస్తకము ప్రకటించెను. ఆకాశములో కంటికి కనబడుదానితో సరిపోవు పంచాంగము కావలెనని పాటుపడెను. 1880లో మరణించెను.

ఇక్కడ మేము ఒక మాట చెప్పవలెను. ఆ స్తంభము మీది వ్రాత ఏమనుచున్నది? గణితశాస్త్రములు ఆసియాలో మొదట నాటబడిన కాలము వేయి సంవత్సరముల తరువాతి వారికి తెలియవలెనని దీనిని నిలిపితిమని దాని భావము. దొరల ఔదార్యముచేత నాటబడెనని కూడ అందులో ఉన్నది. అయ్యలారా, ఆ మాట నిజము కాదు. వారు ఓడ దిగుటకు ఎన్నో శతాబ్దములకు ముందే మన దేశములో గ్రహణములకు లెక్క కట్టువారు ఉండిరి. రఘునాథాచారి కూడ ఆ పంచాంగ విద్య తెలిసినవాడే. రాతిమీద చెక్కించినవాడు తన గొప్పను చెక్కించుకొనెను. ఒకసారి చెక్కిన తరువాత దిద్దుటకు వీలులేదు. కాని అదే గదిలో బల్లమీద ప్రతి రాత్రి వ్రాసిన రిజిస్టరు సంగతి వేరు. అందులో ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, ఏమి కనబడినది, మబ్బు పట్టి ఏమియు కనబడలేదా, అన్నియు ఉన్నవి. ఆ పద్దులవలననే ఆచారి పేరు మనవరకు వచ్చినది. స్తంభము మీద ఆయన పేరు లేదు.

ఆ పద్దుల పని ఎంతటిదో చూడుడి. గోల్డింగాం అను అధిపతి కోటలోను, సెయింట్ థామస్ మౌంటు మీదను పేలిన ఫిరంగులను విని, వెలుగు కనబడుటకును చప్పుడు వినబడుటకును నడుమ పట్టిన సెకండ్లను వ్రాసికొని, గాలిలో ధ్వని వేగమును లెక్క కట్టెను. ఎండకాలములో ఒక రీతి, చలికాలములో ఒక రీతి ఉండుట గమనించెను. టేలర్ అనువాడు 11,015 నక్షత్రముల స్థానములతో 1844లో ఒక పట్టిక ముగించెను. పాగ్సన్ 1861లో ఒక చిన్న గ్రహమును కనిపెట్టి దానికి ఆసియా అని పేరు పెట్టెను. ఆయన కుమార్తె ఐసిస్ పాగ్సన్ 1873 నుండి తండ్రి దగ్గర సహాయకురాలుగా పని చేసెను. లెక్కలు, వాతావరణపు పద్దులు ఆమె చేతిమీదుగా నడిచెను. 1886లో లండను ఖగోళ సంఘమునకు ఆమె పేరు ప్రతిపాదింపగా, స్త్రీ అని చేర్చుకొనలేదు. 1920లో, ముసలితనములో, చేర్చుకొనిరి. అమ్మలారా, మన సంఘములలో ఇల్లిల్లు తిరిగి వాక్యము చదివి వినిపించిన బైబిలు స్త్రీల పేర్లు ఎన్ని పలకలమీద ఉన్నవి? లెక్కించి చూడుడి.

ఇంక ఆ కట్టడము ఎందుకు పోయినది? అక్కరలేక పోయినది కాదు, పని పెరిగి పోయినది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువును మన ముత్తాతలు చూచిరి. బళ్లారి, కర్నూలు జిల్లాలలో ఊళ్లకు ఊళ్లు ఖాళీయైనవి. అప్పుడు మన ఆదోని సీమ బళ్లారి జిల్లాలోనిదే. అటువంటి కరువుల తరువాత, సూర్యుని మచ్చలకును వానలకును ఏమైన సంబంధమున్నదా, ముందుగా తెలిసికొనుటకు దారి ఉన్నదా అని ప్రభుత్వము ఆలోచించినది. సూర్యుని చక్కగా చూచుటకు నుంగంబాకపు గాలి చాలదు, కొండ కావలెను. ఆ కొండను వెదకి కొడైకనాలును ఎంచినవాడు మైకీ స్మిత్. ఆయన మన మద్రాసు క్రైస్తవ కళాశాలలో పదార్థ విజ్ఞాన ఆచార్యుడు. 1891లో నక్షత్రశాల బాధ్యత వహించెను. వేదాంత కళాశాలలో పాతనిబంధన చదివిన దినములలో రాబర్ట్‌సన్ స్మిత్ అను పండితుని పేరు మేము ఎన్నోసార్లు విన్నాము. ఆయన సొంత తమ్ముడే ఈయన. ఒక తల్లి బిడ్డలలో ఒకడు లేఖనములను పరిశోధించెను, ఒకడు సూర్యుని పరిశోధించెను. 1899లో నక్షత్రముల పని కొడైకనాలుకు పోయినది. నుంగంబాకములో కొంతకాలము సమయము చెప్పు పని మాత్రము మిగిలినది. అదియు 1931లో ముగిసినది. పని పోయిన యింటికి ఆయుష్షు ఉండదు. గోడలు పోయినవి, రాళ్లు మిగిలినవి.

అయితే పద్దులు పోలేదు. అవి కొడైకనాలు ఎక్కెను. అక్కడినుండి 1971లో ఏర్పడిన భారత ఖగోళ భౌతిక సంస్థకు, అనగా బెంగుళూరుకు, వారసత్వముగా వచ్చెను. నేటికిని ఆ పాత వ్రాతప్రతులను భద్రముగా ఉంచియున్నారు. ఆ సంస్థను నిలిపిన వైను బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. ఆయన తండ్రి అచ్చటి నిజామియా నక్షత్రశాలలో సహాయకుడు. ఆ నక్షత్రశాల కథయు ఇటువంటిదే. జఫర్ జంగ్ అను నవాబు 1901లో స్థాపింపగా, 1908లో ప్రభుత్వము తీసికొని, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగించెను. లోకములోని నక్షత్రశాలలు ఆకాశమును పంచుకొని పటము గీయుచుండగా, హైదరాబాదువారు తమ వంతు భాగమును ఏండ్ల తరబడి ఫోటోలు తీసి, లక్షల నక్షత్రములను సంపుటములుగా అచ్చొత్తించిరి. 1968లో జపాల్-రంగాపురములో క్రొత్త దుర్భిణి వచ్చెను. బేగంపేటలోని పాత కట్టడము పని మాని శిథిలమైనది. సంపుటములు మాత్రము పుస్తకశాలలలో ఉన్నవి, నక్షత్రముల నడకను లెక్కించువారికి నేటికిని పనికివచ్చుచున్నవి. ఒక నక్షత్రము నూరేండ్లలో ఎంత జరిగెనో తెలియవలెనన్న, నూరేండ్ల క్రింద వ్రాసిన పద్దు ఉండవలెను. అది లేనిచో ఎంత పెద్ద దుర్భిణి కొనినను లాభము లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకొనవలసిన తరుణము వచ్చినది.

కొన్ని సంవత్సరముల క్రిందట, నదీతీరమున ఉన్న ఒక పల్లెలో మేము కాపరిగా ఉంటిమి. అక్కడ బడియు గుడియు ఒకటిగా ఉన్న పాత మిద్దె ఒకటి ఉండెను. పడిపోవునను భయముతో దానిని పడగొట్టించితిమి. పడగొట్టుట తప్పు కాదు, పిల్లలు కూర్చుండు చోటు అది. కాని తొందరపడితిమి. వాకిలిపైన ఒక బండమీద, ఆ మిద్దెకు డబ్బు, ధాన్యము, రాయి, కూలి ఇచ్చినవారి పేర్లు చెక్కియుండెను. దానిని దించి ప్రక్కన పెట్టుమని చెప్పవలసినవారము, చెప్పలేదు. లోపల ఒక రేకు పెట్టెలో బాప్తిస్మపు రిజిస్టర్లు ఉండెను. క్రొత్త గుడి పూర్తియగువరకు అని పెట్టెను ఒక పంచలో పెట్టించితిమి. రెండు వానకాలములు గడిచెను. తెరచి చూచునప్పటికి తడియు చెదలును కలిసి పని ముగించెను. అట్ట మాత్రము మిగిలినది.

తరువాత ఒకనాడు ఆ పల్లె అవ్వ ఒకామె మా యొద్దకు వచ్చెను. సుగ్గికి పోయి గుంటూరు మిరపతోటలలో నడుము విరిగిన మనిషి. ఆధారు కార్డులో వయస్సు తక్కువ పడినందున పింఛను రాలేదట. "నా పేరు బుక్కులో రాసినారని మా నాయన చెప్తాండె, అయ్యగారూ. ఒకసారి చూడండి" అని అడిగెను. ఆ కాగితము కచ్చేరిలో చెల్లునో చెల్లదో వేరే సంగతి. మా దగ్గర ఆ కాగితమే లేదు. చూచి చెప్పెదమని అంటిమి. అదియు అబద్ధమే. ఆమె మూడు మారులు వచ్చెను. నాల్గవ మారు నిజము చెప్పితిమి. ఆమె కోపపడలేదు. "పోనీలే అయ్యగారూ, దేవుని బుక్కులో ఉంటాది గదా" అనెను. ఆ మాట మమ్మును ఓదార్చలేదు, గద్దించినది. దేవుని గ్రంథమును కాచువాడు దేవుడే. మన గ్రంథమును కాచుమని మనకు అప్పగించెను, మేము కావలేదు.

కనుక సంఘమా, గుడిని పడగొట్టుటయా మానుటయా అని మీరే ప్రార్థించి నిర్ణయించుకొనుడి. యొర్దాను దాటినప్పుడు పండ్రెండు రాళ్లు ఎత్తి నిలిపిరని మనము చదివియున్నాము. పిల్లలు వాటిని గూర్చి అడిగినప్పుడు చెప్పుటకు పెద్దలు ఉండవలెనుగదా. చెప్పువారు పోయిన తరువాత రాయి రాయియే. అందుచేత గడ్డపార ఎత్తకముందు నాలుగు పనులు చేయుదమని మనవి.

ఒకటి, గుడి పొడవు వెడల్పులు, గోడల మందము, దూలముల సంఖ్య కొలిచి వ్రాయవలెను. నాలుగు దిక్కులనుండి ఫోటోలు తీయవలెను. యౌవనుల చేతిలోని ఫోనులు దీనికి పనికివచ్చును. రెండు, బాప్తిస్మపు, వివాహపు, సమాధి రిజిస్టర్లన్నిటికి రెండేసి నకళ్లు చేసి, ఒకటి డయాసిసు కార్యాలయమున ఉంచవలెను. మూడు, వాకిలి బండను ఇంటికి అరుగుగా ఎవరును తీసికొనిపోరాదు. క్రొత్త గోడలో, చిన్నపిల్లలు కూడ చదువుకొనగల ఎత్తులో, దానిని పొదిగించవలెను. నాల్గవది ముఖ్యమైనది. రాతిమీద లేని పేర్లను వ్రాయవలెను. బండ మోసినవారు, సున్నము నూరినవారు, నీళ్లు తెచ్చిన ఆడవారు, చౌడు పోసినవారు, గంట కొట్టినవారు, వీరి పేర్లు ముసలివారి నోటిలో ఉన్నవి. సుగ్గి దినములు దగ్గరపడుచున్నవి. సగము ఊరు లేచి పోవును. వారు పోకముందే అడిగి వ్రాసికొనవలెను. తెలియనిదానిని తెలియదని వ్రాయుడి. మబ్బు పట్టిన రాత్రి మబ్బు అనియే వ్రాసిరి గదా.

కడవరి మాట. పోయిన వేసవిలో మరల ఆ పల్లెకు పోయితిమి. చేతిపంపు దగ్గర ఆడవారు బిందెలు పెట్టుకొను బండ మీద ఏవో గీతలు కనబడెను. బిందెలు తీయించి, నీళ్లు చల్లి, సుద్దముక్కతో రుద్దితిమి. ఆ వాకిలి బండయే. సగము విరిగినది. మూడు పేర్లు చదువగలిగితిమి. నాల్గవది సగము ఉన్నది. నీళ్లకు వచ్చిన ఒక చిన్నపిల్ల ఆ సగము పేరు చూచి, అది తన ముత్తవ్వ పేరు కావచ్చునని ఇంటికి పరుగెత్తెను. ఆ పిల్ల అడుగబోవు అవ్వ ఇంకను బ్రతికియున్నది.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత ఇక్కడనే, ఈ పాత గుడిలోనే, ఒక క్రొత్త నోటుబుక్కుతో మేము కూర్చుందుము. ముసలివారిని ముందు తీసికొనిరండి. దేవుడు మిమ్మును దీవించును గాక.